నడవక చెడిన బండి: పాత లగ్జరీ ఎస్‌యూవీతో మూడేళ్లు

2022లో ఒకే వారంలో రెండు బండ్లు చూశాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, రెండూ 2010లో తయారైనవే. ఒకటి 62,000 కిలోమీటర్లు తిరిగింది, రెండోది 1,70,000. మొదటిదాని యజమాని తాళం చెవి, రిజిస్ట్రేషన్ కాగితం తప్ప మరేమీ చూపించలేదు. రెండోదాని యజమాని వయసు మీరిన పెద్దమనిషి. లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పన్నెండేళ్ల బిల్లులు, తేదీల వారీగా, గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. వాటర్ పంపు, ముందు బుష్షులు, గేర్‌బాక్స్ ఆయిల్, సస్పెన్షన్ కంప్రెసర్, మళ్లీ బుష్షులు. చదువుతున్నకొద్దీ నాకు చెమటలు పట్టాయి. ఇన్ని రోగాల బండి మనకెందుకని ఒక నమస్కారం పెట్టి బయటపడ్డాను. మొదటిదాన్ని కొన్నాను, అదీ రెండోదానికంటే ఎక్కువ ధర పెట్టి.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ నయమైపోయిన రోగాలు. నేను కొన్నదానికి అవే రోగాలు ఇంకా రావలసి ఉన్నాయి. ఈ సంగతి తెలియడానికి నాకు పదకొండు వారాలు పట్టింది.

బండి పేరు రాయడం లేదు. నేను పడిన పాట్లలో సగం నా అజ్ఞానం వల్ల వచ్చినవి, వాటిని ఒక కంపెనీ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వీ6 డీజిల్ ఇంజిను, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ శక్తి, నాలుగు మూలలా ఇనుప స్ప్రింగుల బదులు గాలి సంచులు, పైన పెద్ద సన్‌రూఫ్, రెండు టన్నుల పైచిలుకు బరువు. ఈ వర్ణనకు సరిపోయే పదేళ్లు దాటిన బండి దేనికైనా నేను చెప్పబోయేది చాలావరకు వర్తిస్తుంది.

ముందు దాని గొప్పతనం చెప్పాలి, లేకపోతే మూడేళ్లుగా దీన్ని ఎందుకు భరిస్తున్నానో అర్థం కాదు. తలుపు వేయగానే బయటి చప్పుడంతా ఆగిపోతుంది. పక్క కిటికీల అద్దాలు రెండు పొరలవి, మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. రహదారి మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కూడా వెనక సీటులో అమ్మ తనలో తాను గొణుక్కుంటే ముందున్న నాకు వినపడుతుంది. సీట్ల తోలు మెత్తబడింది గాని ఎక్కడా చిట్లలేదు. నాలుగు వందల కిలోమీటర్లు నడిపి దిగితే నడుము పట్టేయదు. పదిహేనేళ్ల వయసున్న ఏ వస్తువూ మా ఇంట్లో ఇంత హుందాగా లేదు, నాతో సహా.

అన్నిటికంటే అమ్మకు నచ్చినది ఇంకొకటి ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎత్తయిన బండి ఎక్కడం కష్టం. దీనిలో ఒక మీట నొక్కితే గాలి సంచుల్లో గాలి కొంత వదిలి, బండి నాలుగు వేళ్ల ఎత్తు కిందికి దిగుతుంది. ఎక్కి కూర్చున్నాక మళ్లీ లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ మురిసిపోయి, “దీనికి పెద్దలంటే గౌరవం ఉందిరా” అంది.

పదకొండో వారంలో ఒకరోజు తెల్లవారి తలుపు తీస్తే బండి ముందు ఎడమ మూల నేలచూపులు చూస్తోంది. టైరు సగం దాకా మడ్‌గార్డు కిందికి వెళ్లిపోయింది. అమ్మ నా వెనకే వచ్చి, “ఇవాళ అడక్కుండానే వంగిందేమిరా?” అంది. స్టార్ట్ చేస్తే ఎక్కడో కింద కంప్రెసర్ గుర్రుమని మొదలుపెట్టింది. నిమిషం దాటాక గాని మూల లేవలేదు. ఆ రోజంతా మామూలుగానే తిరిగింది. మర్నాడు మళ్లీ వంగింది.

మా మెకానిక్ మొదట కంప్యూటర్ జోలికి పోలేదు. పాత మగ్గులో సబ్బు నీళ్లు కలిపి, చక్రం విప్పి, గాలి సంచి మీద బ్రష్‌తో పూశాడు. ఈ సంచి మందపాటి రబ్బరు తొడుగు. బండి ఊగినప్పుడల్లా కింది భాగంలో లోపలికి మడతపడి మళ్లీ విప్పుకుంటుంది. ఆ మడత అంచున ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. అర నిమిషానికి ఒకటి. అంతే లీకు. “తిరిగే బండికి ఈ మడత చోటు మారుతూ ఉంటుంది సార్. ఇది నెలల తరబడి ఒకే ఎత్తులో నిలబడింది. రబ్బరు మడత దగ్గరే ఎండిపోయింది” అన్నాడు. వేలితో చూపిస్తే కనిపించింది, ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు. కుడివైపు సంచీ విప్పకుండానే చూశాం. దానిదీ అదే వాలకం, ఇంకా కారడం లేదంతే.

ఆవగింజంత రంధ్రమే కదా, రోజూ కంప్రెసర్ నింపుకుంటుందిలే అని నెల గడిపాను. ఇది నా రెండో తప్పు. ఆ కంప్రెసర్ గంటల తరబడి తిరగడానికి చేసినది కాదు. కాసేపు తిరిగి, చల్లారి, మళ్లీ అవసరమైనప్పుడు తిరగాలి. కారే సంచిని నింపుతూ నింపుతూ వేడెక్కి, చివరకు అదీ చేతులెత్తేసింది. ఒక సంచితో పోవలసింది రెండు సంచులు, ఒక కంప్రెసర్, దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు లాంటి ఒక రిలే అయింది. రిలే ఎందుకంటే పాతబడిన రిలేలో లోపలి కొనలు అతుక్కుపోయి, బండి ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉండే ప్రమాదం ఉంది. మొత్తంలో ఆ రిలే ఖర్చు లెక్కలోకే రాదు. దాన్ని వదిలేసి కంప్రెసర్ ఒక్కటే మార్చుకునేవాళ్లు ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్లే.

ఇప్పుడు ఆలోచిస్తే, కొనే రోజునే ఇది పట్టుకోవచ్చు. నేను వెళ్లేసరికి ఇంజిను వేడిగా ఉంది, బండి నిటారుగా నిలబడి ఉంది. “మీరు వస్తున్నారని కాస్త కడిగించి తెచ్చాం” అన్నాడు అమ్మినతను. బానెట్ మీద చెయ్యి వేసి, ఇది చల్లారాక వస్తానని వెనక్కి తిరగాల్సింది. సాయంత్రం నాలుగు చక్రాల నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా టేపుతో కొలిచి, రాత్రంతా వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలిస్తే కథ మొత్తం బయటపడేది. టేపు నా సంచిలోనే ఉంది. బీరువా పట్టే చోటు ఉందా అని డిక్కీ కొలిచాను దానితో.

స్కానర్ కూడా తీసుకెళ్లాను, పెద్ద తెలివైనవాడిలా. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న తప్పులను చదవడానికి పెట్టిన ఓబీడీ సాకెట్‌కు తగిలిస్తే ఒక్క తప్పూ లేదని చూపించింది. ఆనందపడ్డాను. అదే తెర మీద ఇంకో పేజీ ఉంటుంది. ఉద్గారాలకు సంబంధించిన భాగాలను బండి తనంతట తానే పరీక్షించుకుని ఆ ఫలితాలు అక్కడ పెడుతుంది. ఎవరైనా తప్పుల జాబితా చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా ఆ పరీక్షలు మొదటికి వస్తాయి. మళ్లీ పూర్తి కావాలంటే చల్లటి ఇంజినుతో స్టార్ట్ చేసి, రకరకాల వేగాల్లో కొన్నాళ్లు నడపాలి. నేను చూసిన రోజున వాటిలో సగానికిపైగా “పూర్తి కాలేదు” అనే ఉన్నాయి. ఫోనులో ఫోటో కూడా తీసుకున్నాను. దాని అర్థం ఆరు నెలల తర్వాత తెలిసింది.

టైర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. ట్రెడ్ లోతు చూస్తే దాదాపు కొత్తవి. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నావాటి మీద 1413 అని ఉంది, అంటే 2013లో పద్నాలుగో వారం. తొమ్మిదేళ్ల టైర్లు. అరగడానికి అవకాశమే రాక అలా మిగిలాయి. నాలుగూ ఒకేసారి మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే ఇలాంటి నాలుగు చక్రాల బండిలో ఒక జత కొత్తది, ఒక జత అరిగినది పెడితే చుట్టుకొలతలు తేడా వచ్చి, ఆ తేడాను ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ప్రయాణమంతా మోయాలి.

ఇక నీళ్ల కథ. దీన్ని మాత్రం తీరిగ్గా చెప్పాలి.

మొదటి వానాకాలంలో ఒకరోజు పాట మధ్యలో ఆగిపోయింది. పాటతోపాటు రేడియో, ఫోను, దారి చూపే పటం, వెనక కెమెరా చప్పుడు అన్నీ ఒక్కసారే మూగబోయాయి. తెర వెలుగుతోంది గాని శబ్దం లేదు. పేరున్న ఒక సర్వీస్ కేంద్రానికి తీసుకెళ్తే రెండు రోజులు ఉంచుకుని, స్పీకర్లను పలికించే ఆంప్లిఫయర్, ముందు తెరను నడిపే ప్రధాన యూనిట్, వాటి మధ్య తీగలు అన్నీ మార్చాలని ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ మొత్తం చూసి, మూగ బండితోనే ఇంటికి వచ్చాను.

మా మెకానిక్ డిక్కీలో ఎడమవైపు పలక విప్పాడు. కింద గుంటలో రెండు అంగుళాల లోతున నీళ్లు, ఆ నీళ్లకు పైన తుప్పు రంగు తేలిన ఆంప్లిఫయర్. దాని నుంచి నారింజ రంగు సన్నటి తీగ ఊడదీసి, డిక్కీ దీపం చేత్తో మూసి, “చూడండి సార్” అన్నాడు. తీగ కొనలో ఎర్రటి చుక్క వెలుగుతోంది, అగరొత్తి నిప్పులా. అది రాగి తీగ కాదు, కాంతి ప్రయాణించే ప్లాస్టిక్ తీగ. ఆ తరం ఖరీదైన కార్లలో చాలావాటికి శబ్దానికి సంబంధించిన పెట్టెలన్నిటినీ ఇలాంటి తీగతో ఒక వలయంగా కలిపారు. ఆ ప్రధాన యూనిట్ పంపిన వెలుతురు ఒక్కో పెట్టె అందుకుని పక్కదానికి అందించాలి. వరుసలో చేతులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఒకడు చెయ్యి వదిలేసినా ఆట ఆగిపోయినట్లు, ఒక్క పెట్టె చస్తే అందరూ మూగవాళ్లే. అతని దగ్గర వేలెడంత ఉంగరం లాంటి తీగ ముక్క ఉంది. చచ్చిన పెట్టె చోట దాన్ని గుచ్చి వలయం పూర్తిచేశాడు. తెర మీద రేడియో పేరు వచ్చింది, ఫోను కలిసింది. స్పీకర్లు మాత్రం పలకలేదు, పలికించే ఆంప్లిఫయరే పోయింది కాబట్టి. అంటే మార్చాల్సింది అది ఒక్కటే. పాత బండి నుంచి తీసినది ఒకటి దొరికింది. సర్వీస్ కేంద్రం కాగితంలో ఉన్న మొత్తంలో పదో వంతులో పని అయిపోయింది.

నీళ్లు వచ్చింది కిటికీల నుంచి కాదు. సన్‌రూఫ్ వాన నీటిని పూర్తిగా ఆపదు. ఆపాలని ఎవరూ అనుకోరు కూడా. అంచు దాటి వచ్చిన నీటిని చుట్టూ ఉన్న కాలువ పట్టుకుని, నాలుగు మూలల నుంచి నాలుగు సన్నటి గొట్టాల ద్వారా బండి కిందికి వదిలేస్తుంది. చెట్టు కింద ఏళ్ల తరబడి నిలిపిన బండిలో ఆ గొట్టం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వెనక ఎడమ గొట్టం నుంచి నల్లటి మట్టి ముద్ద వచ్చింది, దానిలో ఒక చిన్న మొలక కూడా ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1970లో మొదటి రేంజ్ రోవర్ వచ్చినప్పుడు దాని లోపల ప్లాస్టిక్ తొడుగు సీట్లు, నేల మీద రబ్బరు పట్టాలు ఉండేవి. బురద అయితే లోపలే నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. ఈ జాతి బండ్లకు పెద్దమ్మ లాంటిదది. దాని వారసులకు నేడు డిక్కీలో బిందెడు నీళ్లు చేరితే మాట పడిపోతుంది.

ఇంజిను? గేర్‌బాక్స్? కొనేముందు నన్ను భయపెట్టినవాళ్లంతా ఈ రెంటి గురించే భయపెట్టారు. మూడేళ్లలో ఆ రెండూ నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ మాత్రం మార్పించాను. దానితో వచ్చిన పుస్తకంలో ఆ ఆయిల్ జీవితకాలం పనికొస్తుందని ఉంది, ఎవరి జీవితకాలమో లేదు. ఈ తరగతి బండ్లలో చాలావాటికి గేర్‌బాక్సులు తయారుచేసిన జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, ఎనిమిదేళ్లకు గాని మార్చమంటుంది. నాది కిలోమీటర్ల లెక్కలో గడువు దాటలేదు, ఏళ్ల లెక్కలో నాలుగేళ్లు దాటిపోయింది. తీసిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది.

62,000ను పన్నెండేళ్లతో భాగిస్తే రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు. ఈ లెక్క కొనకముందు చేసి ఉంటే బాగుండేది. రోజుకు పద్నాలుగు అంటే ఏడు పోవడం, ఏడు రావడం, పెద్ద డీజిల్ ఇంజిను పూర్తిగా వేడెక్కేలోపే ఆపేయడం. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ, దాన్నే డీపీఎఫ్ అంటారు, సుమారు ఆరు వందల డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చుకుని శుభ్రపడాలి. వేడెక్కే అవకాశం రాకపోతే మసి పేరుకుంటుంది. మధ్యలో ఆపేసిన ప్రయత్నాల్లో వేడి పెంచడానికి వదిలిన అదనపు డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. కొన్న నెలలో ఆయిల్ మట్టం ఉండాల్సినదానికంటే పైన ఉంది. తగ్గలేదు కదా, మంచిదే అనుకున్నాను! మెకానిక్ వాసన చూసి మొహం చిట్లించాడు. ఆయిల్ మార్చి, రహదారి మీద గంటసేపు ఒకే వేగంతో నడిపి రమ్మన్నాడు. ఇప్పటికీ పదిహేను రోజులకొకసారి ఆ పని చేస్తాను. పనేమీ లేకపోయినా అమ్మను ఎక్కించుకుని వెళ్లి వస్తాను. ఈ వైద్యం మాత్రం మా ఇద్దరికీ ఇష్టమే.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కూర్చోబెడితే ఇలాంటి బండ్లూ అంతే. ఇనుము నిలబడింది. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, ఆయిల్, అంటే కిలోమీటర్లతో కాకుండా క్యాలెండర్‌తో ముసలివయ్యేవన్నీ వరుసగా పోయాయి. కూలెంట్ డబ్బా పసుపుపచ్చబడి అతుకు దగ్గర చిట్లింది. బ్యాటరీ 11.8 వోల్టులకు పడిపోయిన ఒక చలి ఉదయం గేర్‌బాక్స్ లోపం, బ్రేకు లోపం, సస్పెన్షన్ లోపం అంటూ ఏడు హెచ్చరికలు వరసకట్టాయి. నాకు కాళ్లు చల్లబడ్డాయి. బ్యాటరీ మార్చితే ఏడూ మాయమయ్యాయి. ఇలాంటి చాలా బండ్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి బండి కంప్యూటర్‌కు స్కానర్‌తో చెప్పాలి, లేకపోతే అది పాతదే అనుకుని దానికి తగ్గట్టు ఛార్జి చేస్తూ కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

ఖర్చు రాసుకునే అలవాటు నాకుంది. మొదటి ఏడాది మరమ్మతులకు కొన్న ధరలో మూడో వంతుకు పైనే అయింది. రెండో ఏడాది తొమ్మిదో వంతు. మూడో ఏడాది పదిహేనో వంతు కూడా లేదు. ఇంధనం దీనికి బయట, పట్టణంలో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు, రహదారి మీద పన్నెండు. బండి ధర ఏటా తగ్గుతుంది, దాని విడిభాగాల ధర తగ్గదు. అయితే దారులున్నాయి. 2002లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్, పోర్షే కయెన్ ఒకే పునాది మీద కట్టినవన్న సంగతి తెలిసినదే, అంటే ఒకదాని భాగం ఇంకోదానికి పనికొచ్చే వీలుంది. కార్ల కంపెనీలు చాలా భాగాలు బయటివాళ్ల దగ్గరే చేయించుకుంటాయి. నా కంప్రెసర్ కూడా కారు కంపెనీ ముద్ర ఉన్న పెట్టెలో ఒక ధర, దాన్ని నిజంగా తయారుచేసినవాళ్ల పెట్టెలో దాదాపు సగం ధర. భాగం మీద అంకెలు ఒకటే.

ఇంట్లో ఇంకో బండి లేనివాళ్లు దీని జోలికి వెళ్లవద్దు. విడిభాగం కోసం ఎదురుచూస్తూ ఇది షెడ్డులో ఒకసారి పంతొమ్మిది రోజులు ఉంది. స్కానర్‌తోపాటు సబ్బు నీళ్ల మగ్గు కూడా నమ్మే మెకానిక్ దొరకనివాళ్లూ వద్దు. ఆ రెండూ ఉండి, మూడో ఏడాదిదాకా ఓపిక పట్టగలిగితే ఇదే ధరకు వచ్చే ఏ చిన్న కొత్త కారూ నాకు దీనిముందు ఆనదు. మళ్లీ కొనాల్సి వస్తే అట్టపెట్టె ఉన్నవాడి దగ్గరే కొంటాను. మీటరు ఎంతైనా తిరగనివ్వండి.

నెలకొకసారి ఆదివారం పొద్దున సన్‌రూఫ్ తెరిచి, నాలుగు మూలలా ఒక్కో గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోస్తాను. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ చక్రం వెనక నుంచి కారుతోందో చెబుతుంది. మొన్న మూడు వైపులా వచ్చాయి. వెనక కుడివైపు ఎంతసేపు చూసినా ఒక్క చుక్క రాలేదు. గాలి కొట్టవద్దని, కొడితే లోపల గొట్టం ఊడిపోతుందని మెకానిక్ చెప్పాడు. మెత్తటి నైలాన్ తీగ తెచ్చి పెట్టాను. వాన రాకముందే దింపి చూడాలి.